సూది మాట

నవంబరు పంతొమ్మిదో తేదీ. ఆ ఉదయం అత్తయ్య, నేను చెరో రెండు రొట్టె ముక్కలు తిని, ఉడికించిన గుడ్డు ఒకటి ఉంటే సగం సగం పంచుకున్నాం. గుడ్డు కోసేది ఆవిడే. పచ్చసొన ఎప్పుడూ నా సగంలోకే ఎక్కువగా వస్తుంది. అది కత్తి చేసే పని కాదని నాకు తెలుసు. తెలిసినట్టు కనిపిస్తే ఆవిడ ఇబ్బంది పడుతుందని ఊరుకుంటాను.

వెనకటి సంగతి కాస్త. నా భార్య పోయి మూడేళ్ళు కావస్తోంది. ఆమె మంచం పట్టినప్పుడు సాయానికని వచ్చింది వాళ్ళమ్మ. సాయం అందుకునే మనిషి వెళ్ళిపోయాక, నేనూ వెళ్తానని అత్తయ్య అనలేదు, ఉండమని నేనూ అనలేదు. ముందు గదిలో ఆవిడ బట్టలు కుడుతుంది. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో జనం చేత అక్షరాల బోర్డు చదివిస్తాను. అలాంటి నాకు, ఇంట్లోనే ఒక కన్ను మసకబారుతోందని ఎంతకీ తట్టలేదు. కుట్లు ఎడమ పక్కకి జారిపోతున్నాయంటే అద్దాల నంబరు మార్చాను, మళ్ళీ మార్చాను. చివరికి ఒకనాడు నా వేలు ఆవిడ ఎడమ పక్కనుంచి మెల్లగా ముందుకు తెస్తే, ముక్కు దగ్గరికి వచ్చేదాకా ఆవిడకు కనబడలేదు. డాక్టర్లు ఒక స్కాను తీశారు. కళ్ళ వెనక ఏదో నీడ ఉందన్నారు. అది కంటి నరాన్ని నొక్కుతోందట. దాని అంచులు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియాలంటే ఎం.ఆర్.ఐ. తియ్యాలి, అది చూడకుండా ఆపరేషన్ చెయ్యలేం, ఆలస్యమైతే రెండో కన్ను కూడా అదే దారి పడుతుంది అన్నారు. కిందటి వారం భాగం, మేమిద్దరం ఇంటికి తాళం వేసి ఆ స్కానుకి బయల్దేరడం దగ్గర ఆగింది.

స్కాను గది ఆసుపత్రి అడుగు అంతస్తులో, పొడవాటి నడవ చివర ఉంది. అక్కడి అమ్మాయి ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఉంది. అత్తయ్య ఆమెకు అప్పటికప్పుడే టోపీ అమ్మాయి అని పేరు పెట్టేసింది.

"ఒంటి మీద గానీ, ఒంట్లో గానీ లోహం ఏమైనా ఉందా అండీ? గుండెకి పెట్టే మిషను, ఎముకల్లో ప్లేట్లు, చెవి మిషను, పెట్టుడు పళ్ళు?"

"ఏమీ లేవండీ," అన్నాను నేను. ఈ కొన్ని వారాలుగా ఆసుపత్రుల్లో ఆవిడను అడిగిన ప్రతిదానికీ నేనే జవాబు చెప్పడం అలవాటైపోయింది.

"మీరు కాదండీ, ఆవిడ చెప్పాలి."

అత్తయ్య నావైపు చూసి, ఒక క్షణం ఆగి, "బాబు చెప్పారుగా," అంది.

తరువాత పిన్నీసుల వంతు వచ్చింది. బట్టలు కుట్టేవాళ్ళ ఒంటి మీద అవి ఎక్కడెక్కడ ఉంటాయో మనకు తెలియదు. మెడ దగ్గరనుంచి రెండు, చేతి మడతలోంచి ఒకటి, నడుము దగ్గరనుంచి ఇంకొన్ని, చేతి రుమాలు ముడిలోంచి ఒక గుండుసూది, అన్నీ బల్ల మీదకు చేరాయి.

"ఇంకా ఉన్నాయా?"

"ఉండమ్మా, ఎక్కడో ఒకటి ఉండాలి."

"మీరు స్కానుకి వచ్చారా, ఇక్కడ దుకాణం పెట్టడానికి వచ్చారా?"

"నీ చొక్కాకి పై గుండీ ఊడిపోయింది, చూసుకున్నావా? ఇందులోంచి ఒకటి నువ్వు ఉంచుకో."

టోపీ అమ్మాయి నవ్వి తన మెడ తడుముకుంది. "ఇక్కడ పనిచేసేవాళ్ళం మేం కూడా పెట్టుకోకూడదమ్మా. లోపల ఉన్నది మామూలు అయస్కాంతం కాదు. చప్పుడు రాకపోతే ఆగిపోయిందనుకుంటారు అందరూ. అది ఆగదు. పగలూ రాత్రీ అలా లాగుతూనే ఉంటుంది." తలుపు అద్దంలోంచి లోపలి యంత్రాన్ని చూపించింది. దాని గుండ్రటి నోటి అంచున ఒకచోట నొక్కుకుపోయి ఉంది. "ఓసారి నేల తుడిచే ఆయన, స్కాన్లు అయిపోయాయి కదా అని ఇనప బకెట్టు పట్టుకుని వెళ్ళాడు. బకెట్టు ఆయన చేతిలోంచి గాల్లోకి లేచి వెళ్ళి అక్కడ కొట్టుకుంది. ఆయన పట్టు వదిలేశాడు కాబట్టి వేళ్ళు మిగిలాయి. ఆ గొట్టంలో మనిషి లేరు కాబట్టి మనిషి మిగిలారు."

"పాపం, ఆయన ఉద్యోగం?" అంది అత్తయ్య.

"ఉంది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి ఆ కథ ఆయనే చెబుతాడు. చెప్పినప్పుడల్లా బకెట్టు కొంచెం పెద్దదవుతుంది."

అత్తయ్యను బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. నా ఒళ్ళో ఆవిడ చెప్పులు, పిన్నీసుల పొట్లం. ఇలాంటి బల్లల మీద కూర్చోవడం నాకు కొత్త కాదు. మా ఆవిడ లోపల ఉన్న రోజుల్లో పక్కన అత్తయ్య ఉండేది. ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు, కానీ ఒకరు నీళ్ళకని లేస్తే రెండోవారు సంచి చూసుకునేవారు. ఇప్పుడు అత్తయ్య లోపల ఉంది. నేను లేస్తే సంచి చూసేవాళ్ళు లేరు. దాహం వేసినా లేవలేదు.

కాసేపటికి టోపీ అమ్మాయి వచ్చి బల్ల పక్కనున్న బీరువా తెరిచి, మడతపెట్టిన దుప్పటి ఒకటి తీసుకుంది.

"మీ అమ్మగారు భలే మనిషండీ."

"మా అత్తగారు."

"అవునా? ఈ చొక్కా ఎవరు కుట్టారమ్మా, చంకలో బిగుసుకుపోతోంది అని నన్ను నిలదీశారు. హుక్కులకి బదులు నాడాలు పెట్టారు, అంతవరకు బుద్ధిమంతులే అని మెచ్చుకున్నారు కూడా." ఆమె నవ్వుతూ దుప్పటి భుజాన వేసుకుంది. "చివర్న నా చెవిలో రహస్యంగా, 'అమ్మా, నా చేతికి సూది ఉంది, ఫర్వాలేదా' అన్నారు. ఎప్పటిదమ్మా అంటే, మా పిల్ల చిన్నప్పటిది అన్నారు. అప్పటి సూదికి ఇప్పుడేం భయమమ్మా, మందు ఎప్పుడో ఒంట్లో కలిసిపోయి ఉంటుంది అన్నాను. సరేలే అన్నట్టు తలూపారు."

నేనూ నవ్వాను. ఆమె వెళ్ళిపోయింది. నా నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, లోపల ఏదో అడ్డం పడింది.

మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఒక్కటే. డాక్టరు ఇచ్చేదాన్ని అత్తయ్య ఇంజక్షన్ అనే అంటుంది. మా ఆవిడ చివరి రోజుల్లో నర్సు వచ్చి సూది వేస్తానంటే, "ఇంజక్షనా అమ్మా?" అని అత్తయ్య అడిగి, అవునన్నాకే పక్కకి జరిగేది. సూది అంటే ఆవిడకు అన్నం పెట్టేది, దారం ఎక్కించేది. దాన్ని ఇంకో వస్తువుకి పేరుగా వాడటం ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

నా ఒళ్ళోంచి చెప్పులు కింద పడ్డాయి. నేను లేచి నడవ తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళాను. ఆ పక్క గదిలో కంప్యూటరు తెరల ముందు ఎవరో కుర్చీలోంచి లేచారు. ఎదురుగా ఉన్న బరువైన తలుపు తెరిచి ఉంది. దానికి అవతల, యంత్రానికి నాలుగైదు అడుగుల దూరంలో, బిగుతు చొక్కాలో అత్తయ్య. టోపీ అమ్మాయి ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

గడప దగ్గర నేల మీద పసుపు గీత ఉంది. నా జేబులో తాళాలున్నాయి, చేతికి గడియారం ఉంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అమ్మా, ఆవిడ చెప్పింది ఇంజక్షన్ కాదు. కుట్టు సూది."

టోపీ అమ్మాయి ఏమిటి, ఎందుకు అని అడగలేదు. ఆవిడను గబుక్కున లాగనూ లేదు. మోచెయ్యి పట్టు వదలకుండా, వెనక్కి ఒక్కొక్క అడుగు వేయిస్తూ, "ఇటు రండమ్మా, నాతో రండి, చెయ్యి కిందికే ఉంచండి" అంటూ నెమ్మదిగా గీత దాటించింది. ఆ నెమ్మదికి నేనామెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. తలుపు మూశాక ఆమె గోడకి చేరబడింది. టోపీ కింద నుదురంతా చెమట.

అత్తయ్య మాత్రం మా ఇద్దరివైపూ చూడటం లేదు. తన కుడి చేతి బొటనవేలి మొదలును ఎడమ చేత్తో పట్టుకుని, దాన్నే చూస్తోంది. అదేదో కొత్తగా మొలిచినట్టు.

తరువాత ఆ చేతికి ఎక్స్‌రే తీశారు. అత్తయ్య భాషలో ఫిల్ము డాక్టరు, అంటే స్కాన్లు చదివే పెద్దాయన, దాన్ని వెలుగులో పెట్టి చూపించాడు. బొటనవేలి కింద, ఎముకల మధ్యన, వడ్లగింజంత తెల్లటి గీత. పరీక్షగా చూస్తే మొన దగ్గర బెజ్జం కూడా తెలుస్తోంది.

"మిషను సూది ముక్క," అన్నాడాయన. "ఇది ఇన్నాళ్ళూ కదలకుండా ఉందంటే చుట్టూ కండ గట్టిపడి పట్టుకుంది. ఆ గొట్టం దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ పట్టు చాలదు. ముక్క లోపలే తిరగబడేది. పక్కనే రక్తనాళం ఉంది, బొటనవేలిని కదిపే నరం ఉంది." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చెయ్యి డాక్టరుతో మాట్లాడాను. రేపు పొద్దున్నే తీసేస్తాడు. తిమ్మిరి మందు, చిన్న కోత, అంతే. గాయం కుదురుకోగానే స్కాను. కంటి విషయంలో ఇంతకంటే ఆగడానికి లేదు."

"తియ్యొద్దు," అంది అత్తయ్య.

ఆయన నావైపు చూశాడు. నేను అత్తయ్యవైపు చూశాను. ఆవిడ ఎక్స్‌రే వైపు చూస్తోంది.

"రేపు పొద్దున్న దాకా ఆలోచించుకోండమ్మా," అన్నాడాయన. "అంతకంటే ఎక్కువ ఆలోచించకండి."

ఇంటికి వచ్చే బస్సులో ఆవిడకు కిటికీ పక్క చోటు దొరికింది. కుడి పక్క కిటికీ. వీధులు కనబడతాయి కదా అని సంతోషించాను.

సాయంత్రం కాస్త గంజి కాచాను. భోజనాల బల్ల దగ్గర మూడు కుర్చీలుంటాయి. మూడోదాని మీద ఇస్త్రీకి ఇవ్వవలసిన బట్టలు పెడుతుంటాం. దాన్ని ఖాళీగా చూడలేక మొదలైన అలవాటు. గంజి చల్లారుతోంది. ఆవిడ చెంచా ముట్టుకోలేదు.

"నేను కసురుకుంటున్నానని అనుకోకండి అత్తయ్యా. అక్కడ అమ్మాయి అడిగినప్పుడు మీరెందుకు చెప్పలేదు?"

"చెప్పానుగా."

"చెవిలో చెప్పారు. నా ముందు చెప్పలేదు."

"మీ ముందు ఎలా చెబుతాను బాబూ?" ఆవిడ ఎదురుగా ఉన్న బట్టల దొంతర సర్దుతూ, మడత ఉన్నదాన్నే మళ్ళీ మడత పెట్టింది. "చెబితే ఎలా గుచ్చుకుంది అంటారు. మీరు అడక్కుండా ఉండరు. మా పిల్ల పేరు వస్తుంది."

నేను ఊరుకున్నాను. దుకాణంలో నేర్చుకున్న పని అదొక్కటే. ఎదుటి మనిషి అక్షరం పోల్చుకునేదాకా మనం అందించకూడదు.

"అప్పట్లో నాది చేతి మిషను," అంది. "పక్కన పిడి ఉంటుంది, తిప్పాలి. పిల్ల పక్కన నిలబడి, నేను తిప్పుతా, నేను తిప్పుతా అని ప్రాణం తీసేది. ఆ రోజు గుడ్డ ఎక్కడో ముడుచుకుపోయిందని నేను సూది కింద చెయ్యి పెట్టి సవరిస్తున్నాను. అది సాయం చేద్దామనుకుంది. తిప్పేసింది." ఆవిడ చిన్నగా నవ్వింది. "ఎంత బలమో అనుకున్నారు. చేతులు చూస్తే దారప్పోగులు."

"అప్పుడే తీయించాల్సింది కదా."

"దాని మొహం చూశాక తీయించాలనిపించలేదు బాబూ. తెల్లకాగితంలా అయిపోయింది. ఏడవను కూడా లేదు. ఆసుపత్రికి వెళ్తే కోస్తారు, కట్టు కడతారు, నెలరోజులు అది ఆ కట్టు చూస్తూ అన్నం తినాలి. పెట్టెలో ఇంకో విరిగిన సూది ఉంటే తెచ్చి చూపించాను. ఇదిగో, మొత్తం వచ్చేసిందమ్మా, అమ్మకి ఏం కాలేదు అన్నాను. రెండు రోజులకి వాపు తగ్గింది. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. అంతే."

"ఆమెకి చెప్పనే లేదా? పెద్దయ్యాక కూడా?"

"ఎందుకు చెప్పాలి?"

నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. మా ఆవిడ జీవితంలో సూది పట్టుకుని ఎరగదు. నా చొక్కాలకు గుండీలు నేనే కుట్టుకునేవాణ్ణి. కుట్టుపని చేసే తల్లికి పుట్టి గుండీ కుట్టడం రాదా అని ఏడిపించేవాణ్ణి. ఆమె నవ్వేసి, దారం తెగ్గొట్టి ఇమ్మంటే మాత్రం గది దాటి వెళ్ళిపోయేది. బద్ధకం అనుకున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళూ బద్ధకమే అనుకున్నాను. ఇప్పుడు, ఆమె లేని ఇంట్లో, చల్లారిన గంజి ముందు, ఆమె గురించి ఒక కొత్త సంగతి తెలిసింది. ఇక కొత్తవి ఏమీ తెలియవని ఎప్పుడో సర్దుకున్నవాడికి అది దొరకడం ఎంత పెద్ద సంగతో చెప్పలేను. కళ్ళు తుడుచుకోవడానికి అద్దాలు తీశాను. అత్తయ్య అటు తిరిగి గంజి మీద మూత పెట్టింది.

"అందుకని తియ్యొద్దంటారా?"

"నా దగ్గర దానివి ఏమున్నాయి బాబూ? దాని బట్టలన్నీ మీ గదిలో ఉన్నాయి. ఫోటోలు మీ బీరువాలో ఉన్నాయి. ఉండాలి, మీవే అవి. నాకు ఇదొక్కటి ఉంది. ఇది నా పిల్ల పెట్టింది."

"చూపు పోతే?"

"రెండో కన్ను ఉందిగా."

"ఆ కన్ను కూడా పోతుందని చెప్పారు కదా అత్తయ్యా. మీరు విన్నారు. కుట్టుపని ఎలా చేస్తారు? వీధిలోకి ఎలా వెళ్తారు?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆమె ఉంటే ఇలా మాట్లాడనిచ్చేదా మిమ్మల్ని?"

"అది ఉంటే నేనే తీయించుకుని వచ్చి, ఇదిగోనే నీ నిర్వాకం అని చేతిలో పెట్టేదాన్ని," అంది అత్తయ్య. "లేదు కాబట్టే."

పక్కింట్లో ఎవరో కుళాయి కట్టేశారు. అంతవరకు నీళ్ళు పడుతున్న చప్పుడు వింటున్నానని అప్పుడు తెలిసింది.

"ఇంకో మాట చెప్పనా? నవ్వరు కదా."

"నవ్వను."

"ఆ గదిలోకి వెళ్ళాను కదా. టోపీ అమ్మాయి ఏదో చెబుతోంది, ఉప్పెన వచ్చినట్టు చప్పుడవుతుంది, భయపడకండి అని. ఒక అడుగు వేశాను, ఏం లేదు. ఇంకో అడుగు వేసేసరికి, ఇదిగో ఇక్కడ," బొటనవేలి మొదలు చూపించింది, "ఎవరో పట్టుకుని లాగినట్టయింది. నొప్పి కాదు. బజారులో నడుస్తుంటే చంటిది మన చెయ్యి పట్టుకుని ఇటు రా, ఇటు రా అని లాగుతుంది చూడండి. అంతే బలం. ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ కదల్లేదు బాబూ. ఇవాళ కదిలింది."

ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. ఆ లాగిన చోటే కండ చీలేదనీ, రక్తనాళం తెగేదనీ నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు, డాక్టరు ఆవిడ ఎదుటే చెప్పాడు. అయినా నాలో భయంతో పాటు ఇంకొకటి కూడా కదిలింది. అసూయ అనే దాని పేరు. నన్ను అలా లాగడానికి నాలో ఎక్కడా ఏ ముక్కా మిగల్లేదు.

అత్తయ్య లేచింది. గంజి గిన్నె లోపల పెట్టి, స్టవ్వు కట్టేసి ఉందో లేదో చూసి, తన గది దాకా వెళ్ళి అక్కడ ఆగింది. ఎడమ పక్క గుమ్మం ఆవిడకు కనబడదు, అందుకని చేత్తో తడిమి పట్టుకుంది.

"తీయించుకుంటాను," అంది.

నేను లేచి నిలబడ్డాను.

"పొద్దున్నే వెళ్దాం. కత్తి కోతకి నాకేం భయం లేదు. కానీ దానికి ముందు ఒకసారి నన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళండి బాబూ. గొట్టం దాకా వద్దు. ఇందాక నిలబడిన చోటు దాకా చాలు. మీరు చెబితే టోపీ అమ్మాయి కాదనదు. ఆ తరువాత తీసి ఎక్కడ పారేసినా సరే."

"అత్తయ్యా, అది..."

"నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను." ఆవిడ ఒక చేత్తో రెండో చేతిని పొదివి పట్టుకుంది. "తీసుకెళ్ళకపోతే నేను తీయించుకోను. ఇప్పుడే చెప్పక్కర్లేదు, పొద్దున చెప్పండి."

నేను ఏదో ఒకటి అనేలోపే ఆవిడ లోపలికి జరిగింది. గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపును చివరిదాకా మెల్లగా వేసుకుంది.